వసంతమున పెరటితోట: బేతంచెర్ల లెక్క వేరు

ఇంగ్లీషు వాచకములలో వసంతమనగా విత్తనములు నాటు కాలము. మంచు కరగును, నేల మెత్తబడును, తోటమాలి పార భుజమున వేసికొని బయలుదేరును. మన తెలుగు వాచకములలో వసంతమనగా మామిడిచిగురు, కోకిల, వేపపూత. ఈ రెండును మంచివే. కాని ఈ రెండింటిలో ఏదియు బేతంచెర్ల వసంతము కాదు. ఇచ్చట చైత్రమాసము వచ్చుసరికి ఎఱ్ఱమల కొండలమీది గడ్డి బూడిదరంగు తిరుగును, పెరటిలో పఱచిన నాపబండలమీద పగటివేళ చెప్పులు లేక కాలు పెట్టరాదు, బోరుబావులలో నీటిధార సన్నగిల్లును. ఇట్టి వేళ విత్తనములు చేతబట్టుకొని నేలవైపు చూచువానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్విరేని తప్పు వారిది కాదు.

మేమును అట్లు నవ్వులపాలైన వారమే. రెండు సంవత్సరముల క్రిందట మా పాఠశాల ఆవరణమున ఉగాదినాడు తోట వేసితిమి. గోడకు తగిలించిన బొమ్మల పటమొకటి కలదు. అందు వసంతమున నాటవలసిన కూరగాయలని టమాటా, పాలకూర, క్యారెట్టు, కొత్తిమీర చిత్రింపబడియున్నవి. ఆ పటమును చూచియే మడులు కట్టితిమి. పిల్లలు ఉత్సాహముతో నీళ్లు మోసిరి. పాలకూర నాలుగాకులు వేయగనే వెన్ను తీసెను. కొత్తిమీర అంగుళమెత్తు ఎదిగి పూతకు వచ్చెను. క్యారెట్టు సంగతి చెప్పనక్కఱలేదు. టమాటా మాత్రము పచ్చగా నిలిచి, పూచి, పూచిన పూవు పూచినట్లే రాల్చెను. ఇంతలో ఏప్రిల్ నెలాఖరున వేసవి సెలవులు వచ్చెను. జూన్ రెండవ వారమున బడి తెరచి చూచుసరికి మడులున్నచోట నెఱ్ఱెలు, వాని నడుమ ఒక తోటకూర కాడయు మిగిలియుండెను. ఆ కాడను ఎవరును నాటలేదు. అది తనంతట తానే మొలచినది.

ఆ తోటకూర కాడయే ఈ వ్యాసమునకు కారణము. తోట చెడినందుకు ఎండను నిందించితిమి, నీటిని నిందించితిమి, సెలవులను నిందించితిమి. తప్పు మా పంచాంగములో నున్నదని కొన్ని నెలల తరువాత గాని తట్టలేదు. శీతలదేశములలో వసంతము సంవత్సరమునకు తొలిద్వారము; మనకది చివరి పరీక్ష. అచ్చట మంచు పోవువఱకు ఆగి విత్తుదురు. ఇచ్చట ఎండ ముదురకముందే విత్తి, వసంతము వచ్చునప్పటికి మొక్క వేరు లోతునకు దిగునట్లు చూచుకొనవలయును. కావున బేతంచెర్లలో వసంతపు తోట వసంతమున వేయునది కాదు. సంక్రాంతి పండుగ గడచిన పిమ్మట, మాఘమాసమున వేయునది. ఇది మేము కనుగొన్న కొత్త సంగతి కాదు. ఈ ప్రాంతపు అవ్వల నడిగినచో సొరవిత్తు ఎప్పుడు పెట్టవలయునో పుస్తకము చూడకయే చెప్పుదురు. మేము వారిని అడుగక పటము నడిగితిమి, అంతే.

సొర, బీర, కాకర విత్తిన యేబది అఱువది దినములకు కాపునకు వచ్చును. మాఘమున విత్తినచో ఫాల్గుణాంతమునకు తీగ పందిరెక్కును, ఉగాదికి మొదటి కాయ చేతికి వచ్చును. బెండ నలువదియైదు దినములకే కాయును. గోరుచిక్కుడును అలసందయు ఎండకు వెఱవవు. తోటకూరకు ఇరువదియైదు ముప్పది దినములు చాలును. దానిని చైత్రమున విత్తినను తప్పులేదు, గుప్పెడు నీరు దొరకిన వైశాఖమునను వచ్చును. పుంటికూరయు అట్టిదే. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి మొదలగునవి కార్తికము మొదలు మాఘమువఱకు మనకు అతిథులు. ఎండ ముదిరిన పిదప వానిని నిర్బంధించి నిలుపబూనుట అతిథికిని గృహస్థునకును కష్టమే. టమాటా పూత రాలుటకు కారణమును ఇదియే. పగటివేడిమి 35 డిగ్రీలు దాటి, రాత్రులును చల్లబడనప్పుడు దాని పుప్పొడి శక్తిహీనమగును. మొక్క బ్రతికియుండును, పిందె కట్టదు. మన యెడారి ఎండలో దానికి ఎన్ని కడవలు పోసినను నీరు వ్యర్థము, మన నడుమునకు నొప్పి లాభము.

తీగజాతులలో నొక చిక్కు కలదు. ఎండ హెచ్చినకొలది మగపూలు మెండుగను ఆడుపూలు తక్కువగను పూచును. తీగ నిండుగ పూచుచున్నను కాయలు లేవని ఇల్లాండ్రు చింతించుట ఇందుచేతనే. మఱియొకటి. సొరపూవు సాయంకాలమున విచ్చును, రాత్రియంతయు తెఱచియుండును. బీరపూవును ప్రొద్దు వాలిన పిదపనే విచ్చును. కాకరపూవు ఉదయమున విచ్చును. పగటి తేనెటీగ సొరపూవునకు చుట్టము కాదు. చీకటిపడు వేళ మగపూవునొకటి త్రుంచి, రేకులు తీసి, దాని పుప్పొడిని పిందెగల ఆడుపూవునడుమ మెల్లగ తాకించినచో పిందె నిలుచును. ఈ పని అయిదవ తరగతి పిల్లవాడును చేయగలడు. వృక్షశాస్త్ర పాఠమున నల్లబల్లమీద పూవు బొమ్మ గీచి భాగముల పేర్లు వల్లెవేయించుటకన్న, ఒక సాయంకాలము సొరపందిరి క్రింద నిలువబెట్టుట మేలని మా అభిప్రాయము. పరీక్షాధికారులు ఏమందురో తెలియదు.

ఇక అసలు ఆక్షేపణకు వత్తము. తల్లిదండ్రుల సమావేశమున మేము పెరటితోటల మాట యెత్తగా ఒక తల్లి లేచి, ‘‘అయ్యవారూ, కడవ నీళ్లకు కొట్లాడుకునే దినాల్లో చెట్లకు యాడ తెచ్చి పోస్తాం? మీరు బడిలో పోసినారు కదా, ఏమాయె?’’ అని అడిగెను. సభలో నవ్వు పుట్టెను. మేమును నవ్వితిమి గాని ఇంటికిపోయిన తరువాత ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. త్రాగుటకు నీరు కఱవైన ఊరిలో కూరమడికి నీరు పోయుట న్యాయమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక పెరటితోటను గూర్చి ఎవ్వరు ఎన్ని పొగడ్తలు వ్రాసినను అవి కడుపు నిండినవారి కబుర్లే యగును.

లెక్క వేసి చూచితిమి. చైత్ర వైశాఖములలో మన ప్రాంతపు ఎండకు కూరమడి చదరపు మీటరు ఒకటికి దినమునకు ఇంచుమించుగా ఆరేడు లీటర్ల నీరు త్రాగును. అయిదు చదరపు మీటర్ల మడికి, అనగా ఆరడుగుల వెడల్పు తొమ్మిదడుగుల పొడవుగల చోటునకు, ముప్పది ముప్పదియైదు లీటర్లు కావలయును. ఇది రెండు మూడు బిందెలు. కుళాయి వద్ద వరుసలో నిలిచి తెచ్చిన బిందెలను ఇట్లు పోయవలయునని ఎవరైన చెప్పినచో ఆ తల్లితో కలిసి మేమును లేచి ఆక్షేపింతుము. కాని అయిదుగురుగల ఇంటిలో బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, గిన్నెలు తొలిచిన మొదటి నీరు, చేతులు కాళ్లు కడుగుకొన్న నీరు లెక్కించినచో అంతకు తక్కువ కాదు. ఆ నీరు నేడు వీధికాలువలో పడి దోమలకు ఉపయోగపడుచున్నది. దానిని మరల పనిలో పెట్టుటయే మేము కోరునది. ఒక్కసారి వాడిన నీరు ఇంకను నీరే.

ఇందులోను వివేకము వలయును. ఎనుములున్న ఇండ్లలో బియ్యపుకడుగు కుడితికి పోవును. ఆ నీరు ఎనుముదే, దానిని మేమడుగము. బట్టలుతికిన నీటిలో సబ్బుపొడి లవణములు మెండు. అది పోసినకొలది మన్ను బిగిసిపోవును గావున దానిని మడిలోనికి రానీయరాదు. స్నానపు నీరు పందిరితీగల మొదళ్లకును మునగ, అరటి చెట్లకును పోయవచ్చును. పచ్చిగా తిను ఆకులమీద చల్లరాదు. ప్రొద్దున ఆరుగంటలకు ముందో, ప్రొద్దు గ్రుంకిన తరువాతనో పోయుట మంచిది. మన్నుమీద వేరుశనగపొట్టును రెండంగుళముల మందమున పఱచినచో ఎండ నేలను తాకదు. పడమటివైపున జొన్నచొప్ప దడి కట్టినచో మధ్యాహ్నపు వడగాలి మడిని కాల్చదు. ఇవన్నియు ఊరిలో దొరకునవే.

కుండపద్ధతిని గూర్చి వేఱుగ చెప్పవలసియున్నది. మెఱుగుపూయని మంటికుండను మెడవఱకు నేలలో పూడ్చి, చుట్టును విత్తనములు పెట్టి, కుండను నీటితో నింపి మూత వేయవలయును. కుండగోడలనుండి నీరు చెమటవలె ఊరుచు వేళ్లకు మాత్రమే అందును. ఎండకు ఆవిరియై పోవునది స్వల్పము. చీనాదేశమున ఫాన్ షెంగ్‌జీ అను నాతడు సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట వ్రాసిన వ్యవసాయ గ్రంథమునందే ఈ పద్ధతి వర్ణింపబడియున్నది. గత సంవత్సరము మా విద్యార్థుల ఇండ్లలో కొన్నింట దీనిని చేసి చూచిరి. అయిదు లీటర్ల కుండ రెండుమూడు దినములకొకసారి నింపినచో రెండు సొరపాదులు వైశాఖాంతమువఱకు నిలిచెను. కుండమీద మూతగ వేయుటకు మన ఊరిలో కరవులేని వస్తువు నాపరాతిముక్క. ఆ విషయమున బేతంచెర్లకు మించిన ఊరు లేదు.

రాతి మాట వచ్చినది గావున దానిని గూర్చియు చెప్పుదుము. మన ఊరు రాతివలన బ్రతుకుచున్నది. ఇచ్చటి బండలు దూరప్రాంతముల ఇండ్లలో నేలలై మెఱయుచున్నవి. మన తల్లిదండ్రులలో పెక్కుమంది గనులలోను పాలిషు కర్మాగారములలోను పనిచేయుచున్నారు. కొండలలోని గుహలును ఈ సున్నపురాతిలో ఏర్పడినవే. 1880లలో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన సమీపమున బిళ్లసర్గము గుహలను త్రవ్వించి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికి తీసెను. రాయి మనకు అన్నము పెట్టుచున్నదనుటలో సందేహము లేదు. కాని ఆ రాయి మన పెరళ్లను మ్రింగినది. బండలు చౌకగ దొరకుటచేత ఇంటిముందు, ఇంటివెనుక, గోడ నుండి గోడవఱకు పఱచివేసితిమి. ఊడ్చుటకు సుఖము, బురద లేదు, పాముల భయము లేదు. నిజమే. వానకాలమున పడిన నీరు అంగుళమైన నేలలోనికి ఇంకక వీధికి పోవును, వేసవిలో బండలు అర్ధరాత్రివఱకు వేడిని కక్కును, ఒక తులసికోట తప్ప పచ్చనిదేదియు కానరాదు. ఇదియు నిజమే.

పెరటిలో పఱచిన బండలలో కొన్నింటిని లేపవలసినదని మా సూచన. అన్నియు కాదు, మడి పట్టునంత చోటు, ఆరడుగులు తొమ్మిదడుగులు. లేపిన బండలనే మడిచుట్టు నిలువుగ పాతినచో గట్టు అగును. క్రిందనున్న మన్ను ఏండ్లతరబడి ఊపిరాడక బిగిసియుండును గావున మోకాటిలోతు త్రవ్వి, మాగిన పశువులపెంటయో గొఱ్ఱెపెంటికలో సగము పాలు కలుపవలయును. ఈ పని మాఘమున చేయునది కాదు, అంతకు రెండు నెలలు ముందే చేయునది.

ఇచ్చట మఱల పుస్తకములు మనలను మోసగించును. తోటపని పుస్తకములు కొన్ని మడికి సున్నము చల్లుమని చెప్పును. అది వానలు మెండుగ కురిసి నేల పులిసిపోయిన దేశములకు తగిన మాట. మన నేలలో సున్నము ఇదివఱకే అధికము. కొందఱు పాలిషు యంత్రములనుండి వచ్చు తెల్లని రాతిబురదను గుంతలు పూడ్చుటకు పెరళ్లలో పోయించుకొనుచున్నారు. ఎండిన పిమ్మట అది పెంకువలె గట్టిపడి నీటిని లోనికి పోనీయదు. మన్నులోని సున్నమును ఇంకను పెంచును. అట్టి చోట నాటిన మొక్క ఆకులు ఈనెలు మాత్రము పచ్చగను నడుమ పసుపుపచ్చగను మాఱును. మొక్కకు తెగులు పట్టినదని మందులు చల్లుదురు. అది తెగులు కాదు. మన్నులో ఇనుమున్నను సున్నము హెచ్చుటచేత వేరు దానిని అందుకొనజాలకున్నది. పెంట, కుళ్లిన ఆకు, వేపపిండి వేయుచు వచ్చినచో నేల మెల్లమెల్లగ దారికి వచ్చును. పొయ్యిబూడిదను గుప్పిళ్లకొలది పోయు అలవాటు మాత్రము మానవలయును.

ఇనుము సంగతి ఆకుతో ముగియదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మందికిని, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికిని రక్తహీనత కలదని తేలెను. మా తరగతులలో ఉదయపు ప్రార్థనవేళ కండ్లు తిరిగి కూలబడు బాలికలను చూచినవారికి ఈ అంకెలు క్రొత్త కావు. తోటకూర తిన్నంతనే రక్తము పట్టునని మేము చెప్పము. ఆకుకూరలోని ఇనుము దేహమునకు కొంతయే అంటును. పప్పులో ఉడికిన ఆకుమీద నిమ్మకాయ పిండినచో అది హెచ్చుగ అంటును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో తగ్గును. వైద్యుడిచ్చు మాత్రకు ఇది బదులు కాదు, తోడు. దినమునకు మనుష్యునకు 400 గ్రాములకు తక్కువ కాకుండ కూరగాయలు, పండ్లు వలయునని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అయిదుగురుగల ఇంటికి రెండు కిలోలు. మా విద్యార్థుల అన్నపుడబ్బాలను చూచినచో అందు అన్నము, చారు, ఊరగాయ. కూర యున్న దినము పండుగ దినము.

తొమ్మిదడుగుల మడి దినమునకు రెండు కిలోలిచ్చునా? ఇయ్యదు. పెరటితోట వేసినవారికి అంగడితో పనియే లేదని ఉపన్యసించువారిని నమ్మవలదు. రెండు సొరపాదులు, పది పన్నెండు బెండమొక్కలు, జానెడు వెడల్పున తోటకూర, పుంటికూర, మూలన ఒక కరివేపచెట్టు, గోడవెంట ఒక మునగ: ఇంతకన్న ఆ చోట పట్టదు. వీనివలన వారమునకు మూడుమార్లు ఆకుకూరయు, రెండుమార్లు కాయకూరయు దొరకినచో మడి తన ఋణము తీర్చుకొన్నట్లే. ధర మండిపోవు దినములలో దీని విలువ తెలియును. 2023 జూలైలో టమాటా కిలో నూరురూపాయలు దాటినప్పుడు మన ఇండ్లలో చారు తెల్లబడెను. పత్తికొండ అంగడిలో ధర పడిపోయి రైతులు బుట్టలతో టమాటాను రోడ్డుమీద కుమ్మరించిన సంవత్సరములును మనమెఱుగుదుము. పండించినవానికి గిట్టదు, తినువానికి అందదు. మడి చిన్నదైనను ఈ రెండింటి నడుమనుండి తప్పించుకొన్న చోటు.

కఱవుకాలమున జనులు పెరళ్లవైపు చూచుట లోకమున కొత్తకాదు. 1914–18 యుద్ధకాలమున అమెరికాలో పాఠశాలల పిల్లలను ‘తోటసైన్యము’గ కూర్చి కూరగాయలు పెంచిరి. 1939–45 యుద్ధమున ఇంగ్లండులో పూలతోటలను దున్ని ఉర్లగడ్డలు నాటిరి. మన దేశమున 1942–43లో అధికాహారోత్పత్తి ఉద్యమము ఆరంభింపబడెను. 1991లో సోవియెట్ యూనియన్ విచ్ఛిన్నమై దిగుమతులు నిలిచిపోగా క్యూబా రాజధాని హవానాలో ఇండ్లనడుమ ఖాళీచోట్లు కూరమడులాయెను. మన సీమకు ఇంతకు పూర్వమే అనుభవము కలదు. 1876–78 నాటి ధాత కఱవున మద్రాసు రాజధానిలో మిక్కిలి నష్టపడిన జిల్లాలలో కర్నూలొకటి. ఆ తరమువారి జ్ఞాపకమే మన అవ్వలవద్ద దొగ్గలాకు, గురుగాకు, చెంచలాకు అని మిగిలియున్నది. ఈ ఆకులు నేటికిని గట్లమీద మొలచుచున్నవి; పేర్లు తెలిసిన పిల్లలు తరగతికి ముగ్గురో నలుగురో. ‘పెరటిచెట్టు మందుకు రాద’ని మనవారన్నది పెరటిచెట్టు తప్పు కాదు.

ఇక మాకు మిక్కిలి ముఖ్యమైన సంగతి. పెరటితోట వేయుడని సభలో చెప్పిననాడు మగవారు చప్పట్లు కొట్టుదురు. మఱునాడు నీళ్లు మోయునది ఆడువారు. ఉదయమున లేచి కసవూడ్చి, నీళ్లు పట్టి, వంటచేసి, గనిపనికో పొలముపనికో పోవు తల్లిమీద మఱియొక పని మోపుటకు మాకు అధికారము లేదు. ఆమెకు సాయపడు ఆడుపిల్లమీద మోపుటకు అంతకన్న లేదు. ఆ పిల్ల పాఠములకు మిగిలినది దీపము పెట్టిన తరువాతి గంటయే. ఆనాడు లేచి అడిగిన తల్లి ప్రశ్నలో నీటిమాట పైకి వినబడినది గాని, ఆ నీరు ఎవరు మోయుదురను మాటయు అందులోనే యున్నదని ఇప్పుడు అనుకొనుచున్నాము. కావున మా నిర్ణయమిది: తోట వేయు ఇంటిలో నీటిపని మగపిల్లవానిది. త్రవ్వుట, బండలు లేపుట, పందిరి వేయుట తండ్రిది. కాయ కోయుట మాత్రము ఎవరిష్టము వారిది. ఈ ఒప్పందమునకు ఇష్టపడని ఇంటిలో తోట లేకున్నను మాకు చింతలేదు.

పెరడే లేని ఇండ్లు మన ఊరిలో తక్కువ కావు. ఒంటిగది అద్దె ఇంటిలోనుండు కుటుంబమునకు బండలు లేపుమని చెప్పుట పరిహాసము. వారికి ఖాళీ సిమెంటుసంచి, పగిలిన బాన, నూనెడబ్బా ఇవి చాలును; అడుగున రంధ్రములు చేసి సగము మన్ను సగము పెంట నింపి, ఒకదానిలో తోటకూర, ఒకదానిలో బచ్చలితీగ, ఒకదానిలో రెండు బెండమొక్కలు పెట్టవచ్చును. మిద్దెమీద పెట్టునప్పుడు సంచి క్రింద ఇటుకలు పెట్టనిచో బండవేడికి వేళ్లు ఉడికిపోవును. ఒక విద్యార్థి తన ఇంటి మెట్లమీద ఏడు డబ్బాలలో పెంచిన పుంటికూరను మాకు చూపుటకు కట్టకట్టి తెచ్చెను. ఆ కట్ట చిన్నది. దానిని మేము ఉపాధ్యాయుల గదిలో బల్లమీద పెట్టి కొంతసేపు చూచితిమి, పిదప వంటయింటికి పంపితిమి. ఆనాటి పప్పులో దాని పులుపు స్పష్టముగనే తెలిసెను.

విత్తనముల విషయమున రెండు మాటలు. అంగడిలో రంగుపొట్లములలో వచ్చు సంకరజాతి విత్తనములు మొదటి సంవత్సరము బాగుగ కాయును. వాని కాయలనుండి తీసిన విత్తనములు మరుసటి సంవత్సరము తల్లిని పోలవు. ఇంటిలో సాగవలసినవి నాటువిత్తనములు. తీగమీదనే ముదిరి ఎండిన కాయనుండి తీసి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి మూటకట్టుటయు, పేడముద్దలో అదిమి గోడకు కొట్టుటయు మన పెద్దలెఱిగిన పద్ధతులు. ఈ గోడలు సిమెంటుగోడలైన తరువాత సీసాలో పోసి బిరడా బిగించుట మేలు. పురుగు కనబడినచో లీటరు నీటికి ఏబది గ్రాముల వేపగింజల పప్పును దంచి, రాత్రి నానబెట్టి, వడగట్టి చల్లవలయును. వేపచెట్టు లేని వీధి మన ఊరిలో లేదు.

మా పాఠశాలలో తోటను మానలేదు. దానిని పంచాంగమునకు సరిపఱచితిమి: కార్తికమున విత్తి, ఫాల్గుణాంతమునకు కోసి, సెలవులు రాకముందే మడులు మూసి, వేరుశనగపొట్టు కప్పి నేలకు విశ్రాంతి నిచ్చుచున్నాము. వేసవితోట బడిది కాదు, ఇండ్లది. అందులకై కార్యాలయమున విత్తనముల పెట్టెయొకటి ఉంచితిమి. సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరచిన వారమున సొర, బీర, బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పుంటికూర విత్తనములు అడిగినవారికి ఇయ్యబడును. వెల లేదు, కాపు ముగిసిన పిమ్మట తీసికొన్నంత విత్తనము మఱల పెట్టెలో వేయవలయును. పొట్లముమీద ఇంటివారి వీధియు, విత్తిన తేదియు వ్రాసిన మంచిది. ఆ దినము ప్రశ్న అడిగిన తల్లి కుమారుడు ఈ సంవత్సరము మొదట వచ్చి రెండు సొరవిత్తులు మాత్రము తీసికొనిపోయెను. నీళ్లు ఎవరు పోయుదురని అడిగితిమి. ‘‘నేనే సార్, అమ్మ ముందే చెప్పింది’’ అనెను.